చుక్క కారదు, గాలి మాత్రం దూరుతుంది

డీజిల్ కార్ల ఫిల్టర్ జాయింట్ల గురించి బండ్ల యజమానులకూ, పని నేర్చుకుంటున్న మెకానిక్‌లకూ ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఖాళీలున్నాయి. ఈ బల్ల మీద పెట్టినవన్నీ చిన్న చిన్న వస్తువులు, దూరం నుంచి కనపడవు.

డీజిల్ బండ్ల వాళ్ల నుంచి నేను మళ్లీ మళ్లీ వినే మాట ఒకటుంది. "పొద్దున్నే స్టార్ట్ కావడం లేదండీ. సెల్ఫ్ కొడుతూనే ఉండాలి, ఎప్పటికో అందుకుంటుంది. ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. మర్నాడు మళ్లీ అదే కథ." బ్యాటరీ గురించి, చల్లటి ఇంజిన్‌ను స్టార్టింగ్‌కు వేడెక్కించే గ్లో ప్లగ్గుల గురించి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే. "ఈ మధ్య డీజిల్ ఫిల్టర్ మార్పించారా?" చాలాసార్లు వచ్చే జవాబు, "అవునండీ, పోయిన వారమే. కొత్త ఫిల్టరే కదా, దాంతో ఇబ్బంది ఎందుకొస్తుంది?"

ఫిల్టర్‌తో రాలేదు. ఫిల్టర్ మార్చడానికి ఊడదీసి మళ్లీ పెట్టిన జాయింట్లతో వచ్చింది. ఫిల్టర్ దగ్గర గాలి పట్టడమనేది ఎక్కువసార్లు మన చేతుల మీదుగా జరిగేదే. అందుకే దాన్ని రాకుండా చూసుకోవడం కూడా మన చేతుల్లోనే ఉందని చెప్పడానికి వచ్చాను.

ముందు గాలి ఎలా దూరుతుందో చూద్దాం. ట్యాంకు వెనక ఉంటుంది, ఇంజిన్ ముందుంటుంది, మధ్యలో కొన్ని మీటర్ల పైపు. ఫిల్టర్ చాలా బండ్లలో బానెట్ ఎత్తగానే కనపడే చోటే ఉంటుంది. కొన్ని బండ్లకు ట్యాంకులో డీజిల్‌ను ముందుకు నెట్టే మోటారు ఉండదు. ఇంజిన్ మీదున్న హై ప్రెషర్ పంపే తనలోని చిన్న గేరు పంపుతో అంత దూరం నుంచి డీజిల్‌ను లాక్కుంటుంది. లాగుతోందంటే ఆ పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తక్కువగా ఉందని అర్థం. బయట సుమారు 1 బార్ ఉంటే లోపల 0.9, 0.8, ఫిల్టర్ మూసుకుపోతున్న కొద్దీ ఇంకా తక్కువ.

స్ట్రాతో నీళ్లు తాగుతున్నారనుకోండి. ఆ స్ట్రాకు మధ్యలో సూది మొనంత చిల్లు పడింది. మీరు పీలుస్తున్నంతసేపూ ఆ చిల్లులోంచి ఒక్క చుక్క బయటికి రాదు. గాలే లోపలికి వస్తుంది, నీళ్లతో కలిసి గుడగుడమంటూ నోట్లోకి వస్తుంది. మన ఫిల్టర్ దగ్గర జరిగేది అచ్చంగా అదే. జాయింటు చుట్టూ తడి లేదు, వాసన లేదు, కింద మరక లేదు. వేలు పెట్టి రుద్ది చూసి "లీకు లేదండీ, అంతా పొడిగా ఉంది" అనేస్తారు. లాగే వైపున్న జాయింటు పొడిగా ఉండటం దేనికీ సాక్ష్యం కాదు. ఇది గుర్తుపెట్టుకుంటే మీకు ఎన్నో రోజుల తిరుగుడు తప్పుతుంది.

రెండో రకం బండ్లలో ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. అది డీజిల్‌ను ఫిల్టర్‌లోకి కొన్ని బార్ల ఒత్తిడితో నెడుతుంది. అక్కడ జాయింటు వదులైతే బండి నడిచేటప్పుడు డీజిలే బయటికి కారుతుంది, కంటికి కనపడుతుంది. మీ బండి ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని వినపడితే ట్యాంకులో పంపు ఉన్నట్టే. ఏమీ వినపడక, ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే రబ్బరు బల్బు గానీ నొక్కుడు బటన్ గానీ ఉంటే అది లాగే రకమని అనుకోవచ్చు. ఇక నేను చెప్పేది ముఖ్యంగా ఈ లాగే రకం గురించే.

గాలి కాస్త పోతే ఏమవుతుందిలే అని అడుగుతారు. పాత మెకానికల్ పంపుల రోజుల్లో ఆ మాట కొంతవరకు చెల్లేది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి కామన్ రైల్ వచ్చింది. అంటే పంపు నొక్కిన డీజిల్ ముందు రైలు అనే ఒక గట్టి గొట్టంలో నిండి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ వెళ్లే పద్ధతి. అప్పట్లోనే అందులో ఒత్తిడి 1350 బార్ దాకా ఉండేది, ఇప్పుడు 2000 దాటిన బండ్లు మామూలైపోయాయి. డీజిల్‌ను నొక్కితే దాదాపు నలగదు, అందుకే అంత ఒత్తిడి పుడుతుంది. గాలి నలుగుతుంది. పంపు లోపలి పిస్టన్ నొక్కిన ప్రతిసారీ బుడగ చిన్నదై మళ్లీ పెద్దదవుతుంటే ఒత్తిడి ఎక్కదు. స్టార్టింగ్‌లో రైలు ఒత్తిడి ఒక హద్దు దాటే దాకా కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. చాలా బండ్లలో ఆ హద్దు 150 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది. మీరు సెల్ఫ్ కొడుతూ ఎదురుచూసేది ఆ అంకె కోసమే. నడుస్తుండగా గాలి ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడో, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడో పికప్ చచ్చిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే పి0087 అనే కోడ్ వస్తుంది. రైలు ఒత్తిడి చాలడం లేదని దాని అర్థం. ఇంజెక్టర్లు పాడయ్యాయని, పంపు పోయిందని పెద్ద బిల్లులు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇంకొకటి కూడా ఉంది. ఆ పంపుకు వేరే ఆయిల్ ఉండదు. లోపలి ఇనుము ఇనుముతో రాసుకోకుండా కాపాడేది డీజిలే. డీజిల్ వెళ్లాల్సిన చోటికి గాలి వెళితే ఆ భాగాలు ఎండుగా రాసుకుంటాయి, సన్నటి ఇనుప రజను పుడుతుంది, అది రైలులోకీ ఇంజెక్టర్లలోకీ చేరుతుంది. వేలి గోరంత రబ్బరు చుట్టు మీద మొదలైన గొడవ మొత్తం ఇంధన వ్యవస్థను మార్చే దాకా వెళ్లగలదు. నాకు భయమంతా దీని గురించే.

మరి పొద్దున్నే ఎందుకు ఎక్కువ? నీరు పల్లమెరుగు అంటారు కదా, డీజిలూ అంతే. ఇంజిన్ ఆపాక పైపులో నిలిచిన డీజిల్‌ను పట్టి ఉంచేది ఆ జాయింట్ల బిగువే. స్ట్రా పైకొనను వేలితో మూస్తే నీళ్లు నిలుస్తాయి, వేలు తీస్తే జారిపోతాయి. రాత్రంతా గాలి కొద్దికొద్దిగా దూరుతుంటే డీజిల్ కొద్దికొద్దిగా ట్యాంకులోకి వెనక్కి జారుతుంది. తెల్లారేసరికి ఫిల్టర్ సగం ఖాళీ. పైగా చలికి రబ్బరు బిగుసుకుపోయి కుంచించుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక అదే రబ్బరు మెత్తబడి సందు మూసుకుంటుంది. సాయంత్రం షెడ్డుకు తీసుకెళితే బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, మెకానిక్ "ఏమీ లేదే" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ టైముకు నిజంగానే ఏమీ ఉండదు.

ఇక ఈ వస్తువు చూడండి. ఇది పాత ఫిల్టర్. దీని మీదున్న ఈ ప్లాస్టిక్ ముక్కు చుట్టూ నల్లగా ఒక గీతలా కనపడుతోంది కదా? అది గీత కాదు, ఓ-రింగ్, అంటే సందు మూసే రబ్బరు చుట్టు. ఇది ఫిల్టర్‌ది కాదు, పైపు చివర ఉండే కనెక్టర్ లోపలిది. చాలా ఏళ్ల కిందట నేనే ఒక బండికి ఫిల్టర్ మార్చాను. పైపు లాగాను, కొత్త ఫిల్టర్ పెట్టాను, పైపు తోశాను, టక్కుమంది. బండి పంపేశాను. నాలుగు రోజులకు వాళ్లు తిరిగొచ్చారు, పొద్దున స్టార్ట్ కావడం లేదని. గ్లో ప్లగ్గులు చూశాను, బ్యాటరీ చూశాను, రెండుసార్లు గాలి తీశాను. ఆ ఇంటి పెద్దాయనను వారంలో మూడు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ బండే వాళ్లకు ఆధారం. పదకొండు రోజులు వాళ్లు అవస్థ పడ్డారు. చివరికి చెత్త డబ్బాలో పాత ఫిల్టర్ వెతికి తీస్తే దాని ముక్కుకు ఈ ఓ-రింగ్ అతుక్కుని ఉంది. లాగినప్పుడు కనెక్టర్ లోంచి ఊడి దీనితో పాటే వచ్చేసింది. కనెక్టర్‌లో రెండు ఉండాల్సిన చోట ఒక్కటే మిగిలింది. టక్కుమన్న శబ్దం క్లిప్పుది. క్లిప్పు పైపును ఊడకుండా పట్టుకుంటుంది, అంతే. గాలిని ఆపేది ఓ-రింగ్. అప్పటి నుంచీ ఈ ఫిల్టర్‌ను దాచుకున్నాను, పనికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ముందు ఇదే చూపిస్తాను.

కాబట్టి మొదటి అలవాటు ఇది. పాత ఫిల్టర్‌ను పారేసే ముందు దాని ముక్కులన్నీ తుడిచి చూడండి. ఏ చుట్టైనా అంటుకుని వచ్చిందా? వెంటనే కనెక్టర్ లోపలికి టార్చి వేసి చూడండి. ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి? చాలా వాటిలో రెండు ఓ-రింగులు, వాటి మధ్య ఒక సన్నటి ప్లాస్టిక్ చుట్టు ఉంటాయి. లెక్క సరిపోకపోతే కొత్త పైపు ముక్క గానీ సరైన ఓ-రింగ్ గానీ దొరికే దాకా బండి కదలకూడదు.

ఇప్పుడు ఊడదీసే పద్ధతికి వద్దాం. నా లెక్కన సగం నష్టం ఇక్కడే జరుగుతుంది. ముందు బ్రష్షుతో, గాలితో జాయింటు చుట్టూ ఉన్న మట్టి వదలగొట్టండి. ఒక్క ఇసుక రేణువు ఓ-రింగ్ కింద ఇరుక్కుంటే అదే గాలికి దారి. కనెక్టర్‌ను నేరుగా లాగకండి. ముందు ఫిల్టర్ వైపుకు కాస్త తోయండి. అప్పుడు క్లిప్పు మీద బరువు తగ్గుతుంది, పక్కనున్న చెవులు మెత్తగా నొక్కుకుంటాయి. నొక్కి పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ నిదానంగా బయటికి తీయండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తడం, ప్లయర్‌తో పట్టి గుంజడం వద్దు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసు బారి ఉంటుంది. చెవి విరిగితే కనపడుతుంది, మంచిదే. లోపల ముక్కు మీద స్క్రూడ్రైవర్ గీత పడితే ఎవరికీ కనపడదు. ఆ గీతే గాలికి కాలువ.

బండి వేడిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. కింద గుడ్డ పరవండి. కూలెంట్ హోసుల రబ్బరు డీజిల్‌కు పడదు, తడిస్తే ఉబ్బుతుంది. ఆ హోసులు నాలుగు నెలల తర్వాత పాడైతే ఈ రోజు కారిన డీజిల్ ఎవరికీ గుర్తుకు రాదు.

కొత్త ఫిల్టర్‌ను పెట్టె లోంచి తీశాక నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయండి. దాని ముక్కు చుట్టూ బొటనవేలి గోరుతో ఒక చుట్టు తిప్పండి. ప్లాస్టిక్ అచ్చు పోసినప్పుడు రెండు సగాలు కలిసే చోట సన్నటి గట్టు మిగులుతుంది. మంచి ఫిల్టర్లలో ఓ-రింగ్ కూర్చునే మేర ఆ గట్టు గోరుకు తగలదు. నాసిరకం వాటిలో తగులుతుంది. గోరుకు తగిలిందంటే ఓ-రింగ్ దాని మీద ఎక్కి రెండు పక్కలా సందు వదులుతుంది. ఆ ముక్కు సైజు కూడా పదో వంతు మిల్లీమీటరు దాకా పట్టింపు ఉన్న వ్యవహారం. ఎక్కువగా వాడే రెండు సైజులు 7.89 మిల్లీమీటర్లు, 9.89 మిల్లీమీటర్లు. ఎనిమిదికి, పదికి దగ్గరే కదా అనిపిస్తుంది. ఓ-రింగ్ తన మందంలో సుమారు ఐదో వంతు నలిగి కూర్చుంటేనే గాలి ఆగుతుంది. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న చుట్టుకు ఆ నలిగేది అరమిల్లీమీటరు కూడా కాదు. అందులోంచి ముక్కు సన్నగా ఉన్నందుకు కొంత, చుట్టు పాతబడినందుకు కొంత పోతే ఇక మిగిలేదేముంది?

ఓ-రింగ్ పాతబడిందో లేదో చూడటం సులువు. కొత్తది అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుంది. పాతది ఒక పక్క చదునుగా అణిగిపోయి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే తిరిగి గుండ్రంగా రాదు. అలాంటిదాన్ని మళ్లీ పెట్టకండి. దాని బదులు ఏదో ఒక నల్ల చుట్టు వేసేయకండి కూడా. నల్లగా ఉన్న రబ్బరంతా ఒకటి కాదు. డీజిల్‌కు నైట్రైల్ పనికొస్తుంది, వైటాన్ ఇంకా మేలు, బయోడీజిల్ కలిసినా వేడి ఎక్కువైనా తట్టుకుంటుంది. బ్రేకు పనుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు చూడటానికి అలాగే ఉంటుంది గానీ డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. షెడ్డుల్లో అన్ని ఓ-రింగులూ ఒకే డబ్బాలో కలిపి పెట్టుకునే అలవాటు చూస్తుంటాను. దయచేసి వాటిని వేరువేరుగా, పేరు రాసి పెట్టుకోండి.

పెట్టేటప్పుడు ఓ-రింగ్‌నూ ముక్కునూ శుభ్రమైన డీజిల్‌తో తడపండి. పొడి రబ్బరు మెలిక పడుతుంది, చిరుగుతుంది. గ్రీజు వద్దు, డీజిల్ చాలు. కనెక్టర్‌ను ముక్కుకు తిన్నగా పెట్టి తోయండి, టక్కుమన్నాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. ఊడకపోతే క్లిప్పు పట్టినట్టు. తర్వాత చెయ్యి వదిలేసి పైపు ఎటు పోతోందో చూడండి. చాలామంది ఈ పని చేయరు. పైపును పట్టి ఉంచే చిన్న బిగింపు ఊడిపోయి ఉంటే పైపు బరువంతా కనెక్టర్ మీద పడి ఒక పక్కకు లాగుతుంది. ఓ-రింగ్ ఒక వైపు ఎక్కువ నలిగి రెండో వైపు తేలిపోతుంది. ఫిల్టర్‌ను పట్టే బ్రాకెట్ వదులుగా ఉన్నా అంతే. ఇంజిన్ వణుకుకు ఫిల్టర్ ఊగుతూ ఉంటే ఓ-రింగ్ రోజూ అరుగుతూ ఉంటుంది. బ్రాకెట్ బోల్టు బిగించకుండా వదిలేసిన బండ్లు నేను చాలా చూశాను.

కొన్ని బండ్లకు కనెక్టర్లు ఉండవు. రబ్బరు హోసు, దాని మీద క్లిప్పు. ఇక్కడ జరిగే పొరపాటు వేరు. లీకు అనగానే క్లిప్పు ఇంకో రెండు చుట్లు బిగిస్తారు. స్క్రూతో బిగించే క్లిప్పు పట్టీకి గాడులుంటాయి, అతిగా బిగిస్తే అవి రబ్బరును కోస్తాయి. ప్లాస్టిక్ ముక్కైతే లోపలికి అణిగి గుండ్రం పోతుంది. బిగించే కొద్దీ లీకు పెరుగుతుంది. హోసు చివర వేళ్లతో నొక్కి చూడండి. గట్టిపడి, పగుళ్లు తేలి ఉంటే క్లిప్పు దాన్ని బాగుచేయలేదు. పొడవు సరిపోతే చివర సెంటీమీటరున్నర పదునైన బ్లేడుతో తిన్నగా కోసి కొత్త రబ్బరు మీద క్లిప్పు వేయండి, లేదా హోసు మార్చండి. క్లిప్పు ముక్కు మీదున్న ఉబ్బు దాటి అవతల కూర్చోవాలి. ఉబ్బు మీదే కూర్చుంటే నిలవదు. వీలైతే అంచులు మెత్తగా ఉండే, పట్టీకి గాడులు లేని ఫ్యూయల్ క్లిప్పులు వాడండి. స్ప్రింగు క్లిప్పులు కూడా మంచివే, రబ్బరు వేడికి ఉబ్బినా చలికి ముడుచుకున్నా అవీ దానితో పాటే కదులుతాయి.

పాత బండ్లలో బాంజో బోల్టు, అంటే డీజిల్ తన లోపలి నుంచే పోయే బోలు బోల్టు, దానికి రాగి వాషర్లు వస్తాయి. ప్రతిసారీ కొత్త వాషర్లు వేయండి. దొరక్కపోతే పాత రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది.

ఫిల్టర్ ఒంటి మీదే ఉన్న సందుల్ని మర్చిపోతుంటాం. కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంది, దానికో చిన్న ఓ-రింగ్. నీళ్లను పసిగట్టే సెన్సర్ ఉంది, దానికి ఇంకోటి. చలికాలంలో వేడి డీజిల్‌ను తిరిగి ఫిల్టర్‌లోకి పంపే వాల్వు కొన్నిటికి ఉంటుంది, దానికి రెండు. మూత తీసి లోపలి కాగితపు ఎలిమెంట్ మాత్రమే మార్చే రకమైతే మూతకు పెద్ద ఓ-రింగ్. ఇవన్నీ లాగే వైపే ఉన్నాయి కాబట్టి ఏది వదులైనా గాలి దూరుతుంది. సెన్సర్‌ను పాత ఫిల్టర్ నుంచి విప్పి కొత్తదానికి మారుస్తారు, పెట్టె లోంచి వచ్చిన కొత్త ఓ-రింగ్ మాత్రం పెట్టెలోనే ఉండిపోతుంది. పని అయ్యాక పెట్టెలో ఏమైనా మిగిలిందా అని చూడటం అలవాటు చేసుకోండి. మూత ఓ-రింగ్ ఏ గాడిలో కూర్చోవాలో పాతది తీసేటప్పుడే చూసుకోవాలి, పక్కనే ఇంకో గాడి ఉంటుంది, అందులో వేస్తే మూత బిగుస్తుంది గానీ గాలి ఆగదు. చుట్టి బిగించే ఫిల్టర్ అయితే పాత వాషర్ పైనే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్తది పడితే రెండూ జారిపోతాయి. బిగించడం వాషర్ తగిలాక చేత్తో ముప్పావు చుట్టు, లేదా ఫిల్టర్ మీద ఎంత రాసి ఉంటే అంత. మూతల మీద చాలావాటికి న్యూటన్ మీటర్లలో అంకె అచ్చు వేసి ఉంటుంది, టార్క్ పానాతో ఆ అంకెకే బిగించండి.

గాలి తీయడం గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామందికి వచ్చు. చేతి బల్బు ఉంటే గట్టిపడే దాకా నొక్కండి. ట్యాంకులో మోటారు ఉంటే తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి ఆఫ్ చేయడం నాలుగైదుసార్లు. పది పదిహేను సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. ఖాళీ పంపును సెల్ఫ్‌తో తిప్పడమంటే దాన్ని ఎండుగా రుద్దడమే. ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపాలనుకుంటే మురికి డీజిల్ వచ్చే దారిలోంచే పోయండి. పంపు వైపు దారిలో పోసింది వడపోత లేకుండా నేరుగా పంపులోకి పోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పాత బండ్లలో గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లం. కామన్ రైల్ బండి మీద ఆ పని ఎప్పుడూ చేయకండి. వందల, వేల బార్ల ఒత్తిడితో వచ్చే సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కంత గాయమే కనపడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్లిపోతుంది, వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఎవరికైనా అలా జరిగితే గంటలు గడవనివ్వకుండా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లండి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. పని నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు కాబట్టి ఇది మళ్లీ చెబుతున్నాను. రైలు వైపు నట్లు ముట్టుకోవద్దు.

ఇక అనుమానం వచ్చినప్పుడు ఎలా పట్టుకోవాలి? ఇదిగో, ఈ ముక్క. అడుగు పొడవు పారదర్శకమైన ఫ్యూయల్ హోసు. దీన్ని ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య కలిపి ఇంజిన్ నడిపి చూడండి. కొన్ని బండ్లకు కంపెనీ నుంచే అలాంటి పారదర్శకమైన పైపు ఉంటుంది. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు బుడగలు పోవడం మామూలే. ఐదు నిమిషాలైనా బుడగల వరస ఆగకపోతే గాలి పడుతోంది. అప్పుడు అదే హోసును ఫిల్టర్‌కు ముందు, ట్యాంకు వైపు పెట్టండి. అక్కడ బుడగలు లేవు, ఫిల్టర్ తర్వాత ఉన్నాయి అంటే దొంగ ఫిల్టర్ దగ్గరే ఉన్నాడు. రెండు చోట్లా ఉంటే ట్యాంకు వైపు పైపులు వెతకాలి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే గంటలో తేలే పనిని, ఒక్కో పార్టు మార్చుకుంటూ పోయి నెలలు చేస్తున్నారు.

ఏ జాయింటో తేల్చడానికి ఇంకో ఉపాయం. లోపలికి దూరే గాలి కనపడదు కాబట్టి దిశ తిప్పేయండి. ఇంజిన్ ఆపి, ఫిల్టర్‌కు వచ్చే పైపునూ పోయే పైపునూ మూసి, చేతి పంపుతో ఫిల్టర్‌లోకి కొద్దిగా ఒత్తిడి ఇవ్వండి, అర బార్ మించకుండా. వదులున్న చోట డీజిల్ తడి బయటికి తేలుతుంది. చుట్టూ తెల్ల కాగితం చుట్టి ఉంచితే చుక్క కూడా దాగదు. కంప్రెసర్ గాలిని ట్యాంకులోకి వదిలే పని మాత్రం ఎవరూ చేయొద్దు, ట్యాంకు పగులుతుంది.

పరికరాలేవీ లేని వాళ్లు వాలు చూసి పరీక్ష చేయొచ్చు. ఒక రాత్రి బండి ముక్కు పల్లానికి ఉండేలా ఆపండి. ఇంకో రాత్రి ముక్కు ఎత్తుకు. ముక్కు కిందికున్న రోజు ఠక్కున స్టార్ట్ అయి, పైకున్న రోజు మొరాయిస్తే డీజిల్ వెనక్కి జారుతోందన్నమాట. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి, పావు ట్యాంకుకు వచ్చేసరికి మొదలైనా అదే సూచన.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

శ్రోతల్లోంచి ఒకరు: జాయింటుకు సిలికాన్ పేస్టు గానీ టెఫ్లాన్ టేపు గానీ వేస్తే ఆగుతుంది కదండీ?

వద్దు బాబూ. మామూలు సిలికాన్ డీజిల్‌లో నానితే ఊడి వస్తుంది. టేపు పీచులుగా తెగుతుంది. ఫిల్టర్ తర్వాతి జాయింట్లో వేశావంటే ఆ పీచును ఆపడానికి ముందు ఇంకో ఫిల్టర్ లేదు, తిన్నగా పంపులోకే. ఇంజెక్టర్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. ఓ-రింగ్ చేయాల్సిన పని ఓ-రింగే చేయాలి.

ఇంకొకరు: మా బండికి పైపులో నాన్ రిటర్న్ వాల్వు పెట్టించారు. ఇప్పుడు పొద్దున బాగానే స్టార్ట్ అవుతోంది. ఇక ఫర్వాలేదా?

ఫర్వాలేదని చెప్పలేనండీ. ఆ వాల్వు రాత్రి డీజిల్ జారకుండా ఆపింది. గాలి వచ్చే సందు అలాగే ఉంది. నడిచేటప్పుడు గాలి ఇప్పటికీ దూరుతోంది, మీకు ఫిర్యాదు మాత్రమే పోయింది. పైగా దారిలో ఒక అడ్డు పెరిగింది కాబట్టి పంపు ఇంకాస్త గట్టిగా లాగాలి. అదనంగా కరెంటు పంపు పెట్టించే వాళ్లూ ఉన్నారు, దాంతో నాకు ఇంకా టెన్షన్. గాలి దూరే సందులోంచి ఒత్తిడి పెడితే వేడి ఇంజిన్ మీదకు డీజిల్ కారుతుంది. ముందు సందు మూయించండి.

మరొకరు: జాయింట్లన్నీ కొత్తవి వేశాం. అయినా బుడగలు కనపడుతున్నాయి.

ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయింది? రెండేళ్లా? అయితే అది మూసుకుపోయి ఉండొచ్చు. డీజిల్‌లో ఎప్పుడూ కొంత గాలి కరిగి ఉంటుంది. మూసుకుపోయిన ఫిల్టర్ గుండా పంపు గట్టిగా లాగితే ఒత్తిడి బాగా పడిపోయి ఆ కరిగిన గాలే బుడగలుగా విడిపోతుంది, సోడా మూత తీసినట్టు. లీకు లేకుండానే బుడగలు వస్తాయి. అంతేకాదు, లాగుడు పెరిగే కొద్దీ నిన్నటి దాకా ఆగిన జాయింటు కూడా ఈ రోజు గాలి పీలుస్తుంది. ఫిల్టర్ టైముకు మార్చడం కూడా లీకు రాకుండా చూసుకోవడంలో భాగమే.

ఒక మహిళ: నాకు పానా పట్టడం రాదండీ. బండి షెడ్డుకు ఇచ్చినప్పుడు నేను ఏం చూడాలి, ఏం అడగాలి?

మంచి ప్రశ్న అమ్మా. పాత ఫిల్టర్ పారేయకుండా మీకు చూపించమని ముందే చెప్పండి. దాని ముక్కుల మీద నల్ల చుట్టు ఏదీ లేదని మీ కళ్లతో చూడండి, కొత్త పెట్టెలో ఓ-రింగు మిగల్లేదని చూడండి. ఆ తర్వాతది మీ ఇంట్లో చేయాల్సిన పని. ఫిల్టర్ మార్పించడానికి ముందు రోజు పొద్దున, బండి రాత్రంతా ఆగి ఉన్నాక, సెల్ఫ్ కొట్టిన దగ్గర్నుంచి అందుకునే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూసి రాసుకోండి. మార్పించిన మర్నాడు పొద్దున అదే చోట, అదే వాలులో మళ్లీ చూడండి. మొదట రెండు సెకన్లు పట్టింది ఇప్పుడు నాలుగైదు పడితే, బండి ఎంత బాగా నడుస్తున్నా సరే, ఆ రోజే తీసుకెళ్లి ఆ రెండు అంకెలూ మెకానిక్‌కు చూపించండి. వీలైతే ముందు రోజు సాయంత్రమే బండి అక్కడ వదిలి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.